హైదరాబాద్ నుంచి ఆసియా నగరాలకు విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టడం ఎలా?

పిల్లలు సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో స్థిరపడిన ఇళ్లలో ప్రయాణం కుదిరిన రోజు నుంచి వినిపించే ప్రశ్నలు రెండే: ఎంత దూరం, ఎన్ని గంటలు? జవాబు చెప్పేవారు తడవకో అంకె చెబుతారు. ఒకరు నాలుగున్నర గంటలంటారు, ఇంకొకరు టికెట్టు చూసి ఏడు గంటలంటారు, వెళ్లి వచ్చినవారు పన్నెండు గంటలు పట్టిందంటారు. ముగ్గురూ చెప్పేది నిజమే, కాకపోతే ముగ్గురూ వేర్వేరు సంగతులు కొలుస్తున్నారు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం, విమానం ప్రయాణించే కాలం, రెండు ఊళ్ల గడియారాలు చూపే తేడా, మన ఇంటి గడప దాటింది మొదలు అవతలి ఇంటి గడప తొక్కేదాకా పట్టే కాలం అనే ఈ నాలుగింటినీ విడివిడిగా లెక్కగట్టుకుంటే గందరగోళం ఉండదు. మొదటిసారి విమానం ఎక్కబోయే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ లెక్క మీరే వేసి వారికి కాగితం మీద రాసి ఇవ్వాలని నా కోరిక. ఇందుకు కావలసింది ఫోన్‌లోని కాలిక్యులేటర్, ఒక అరగంట సమయం.

ముందుగా విమానాశ్రయాన్ని సరిగ్గా గుర్తించండి

నగరం పేరుతో లెక్క మొదలుపెట్టకండి, విమానాశ్రయం కోడ్‌తో మొదలుపెట్టండి. 2008 మార్చిలో మొదలైన మన శంషాబాద్ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి మూడక్షరాల కోడ్ హెచ్‌వైడీ. పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలోనూ ఒక హైదరాబాద్ ఉంది, దాని విమానాశ్రయం కోడ్ హెచ్‌డీడీ. దూరం చూపే సాధనంలో ఊరి పేరు మాత్రమే టైపు చేస్తే ఒక్కోసారి ఆ ఊరు ఎంపికై, అంకె వందల కిలోమీటర్లు తప్పిపోతుంది.

అవతలి వైపు ఇంకా జాగ్రత్త అవసరం. బ్యాంకాక్‌కు సువర్ణభూమి, డాన్ మువాంగ్ అనే రెండు విమానాశ్రయాలున్నాయి. టోక్యోకు నరీటా, హనేడా ఉన్నాయి. దుబాయ్‌లోనూ పాత విమానాశ్రయం కాక అల్ మక్తూమ్ పేరుతో మరొకటి ఉంది. ఒకే నగరంలోని రెండు విమానాశ్రయాల మధ్య తేడా గగనతల దూరంలో పెద్దగా కనిపించదు కానీ, దిగాక ఇల్లు చేరే సమయంలో గంటకు పైగా తేడా తెస్తుంది. నరీటా టోక్యో నగరానికి చాలా దూరంగా, హనేడా నగరంలోనే ఉన్నాయి.

దూరాన్ని మీరే లెక్కగట్టండి

దూరం చూపే సాధనాలు చాలానే ఉన్నాయి కాబట్టి చేత్తో లెక్క ఎందుకని మీరు అడగవచ్చు. ఒక్కసారి స్వయంగా వేసి చూస్తే ఆ సాధనాలు చూపే అంకె ఏమిటో, ఏది కాదో అర్థమవుతుంది. అది గుండ్రని భూమి మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి పొడవు. దాన్ని గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. గోడ మీది పటంలో స్కేలు పెట్టి కొలిస్తే వచ్చేది అది కాదు, ఎందుకంటే గుండ్రని భూమిని చదునైన కాగితం మీద పరిచినప్పుడు కొలతలు సాగిపోతాయి.

శంషాబాద్ 17.23 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. సింగపూర్ చాంగీ విమానాశ్రయం 1.36 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 103.99 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఫోన్‌లోని మ్యాప్‌లో విమానాశ్రయం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఈ అంకెలు కనిపిస్తాయి. ఇప్పుడు కాలిక్యులేటర్ తెరిచి ఫోన్‌ను అడ్డంగా తిప్పండి. చాలా ఫోన్లలో సైన్, కొసైన్ మీటలు అప్పుడే బయటపడతాయి. కోణాలను అది రేడియన్లు అనే మరో కొలతలో కాక డిగ్రీలలోనే తీసుకుంటోందో లేదో తప్పక చూసుకోండి, ఎందుకంటే లెక్క తప్పిన సందర్భాల్లో ఎక్కువ భాగం అక్కడే తప్పుతుంది.

మొదట రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించండి. 17.23 సైన్ 0.2962, 1.36 సైన్ 0.0237, వాటి లబ్ధం 0.0070. తరువాత రెండు అక్షాంశాల కొసైన్ విలువలనూ, రెండు రేఖాంశాల తేడా అయిన 25.56 డిగ్రీల కొసైన్ విలువనూ కలిపి గుణించండి. 0.9551, 0.9997, 0.9021 అనే ఈ మూడింటి లబ్ధం 0.8614. రెండు లబ్ధాలనూ కూడితే 0.8684 వస్తుంది. ఏ కోణానికి కొసైన్ 0.8684 అవుతుందో విలోమ కొసైన్ మీట నొక్కి తెలుసుకోండి. 29.72 డిగ్రీలు అని చూపుతుంది. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు కాబట్టి భూమి మీద ఒక డిగ్రీ దూరం సుమారు 111.2 కిలోమీటర్లు. 29.72ను 111.2తో గుణిస్తే సుమారు 3,305 కిలోమీటర్లు. హైదరాబాద్, సింగపూర్‌ల మధ్య దూరం అదే. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో కావాలంటే డిగ్రీలను 60తో గుణిస్తే చాలు, 1,783 వస్తుంది. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు.

ఇదే పద్ధతిలో హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, బ్యాంకాక్ సువర్ణభూమి సుమారు 2,420, టోక్యో నరీటా సుమారు 6,390 కిలోమీటర్లు. మీ లెక్క వీటికి పది, ఇరవై కిలోమీటర్ల లోపు తేడాతో వస్తే సరిగ్గానే వేశారన్నమాట. భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉండటం వల్ల ఆ మాత్రం తేడా సహజం.

విమానం నిజంగా వెళ్లే దారి

విమానం ఈ గీత మీదనే వెళ్లదు. నిర్ణీత వాయుమార్గాలను అనుసరించి, ఒక దేశపు నియంత్రణ కేంద్రం నుంచి మరొక దేశపు కేంద్రానికి అప్పగింతలతో సాగుతుంది కాబట్టి నిజమైన దారి కొంత పొడవుగా ఉంటుంది. బయలుదేరే దిక్కు కూడా కొన్ని నిమిషాలు కలుపుతుంది. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. విమానం గాలికి ఎదురుగా పైకి లేస్తుంది కాబట్టి, పడమటి గాలి వీచే నైరుతి రుతుపవనాల రోజుల్లో సింగపూర్ వెళ్లే విమానం కూడా ముందు పడమరకు లేచి, ఆ తరువాత మలుపు తీసుకుని తూర్పు దారి పట్టవచ్చు.

అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది మూసిన గగనతలం. 2019 ఫిబ్రవరి చివరి నుంచి జూలై మధ్య దాకా పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసినప్పుడూ, 2025 ఏప్రిల్ 24న భారతీయ విమాన సంస్థలకు దాన్ని మళ్లీ మూసినప్పుడూ ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లే విమానాలు గుజరాత్ వైపు మళ్లి అరేబియా సముద్రం మీదుగా చుట్టి వెళ్లవలసి వచ్చింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లేవారికి ఈ చిక్కు అంతగా తగలదు. మన దారి మొదటి నుంచీ పశ్చిమ తీరం దాటి అరేబియా సముద్రం మీదుగా ఒమన్ వైపు సాగేదే. అందువల్ల ఢిల్లీ బంధువులు చెప్పిన సమయాన్ని మన ప్రయాణానికి అన్వయించుకోకండి.

దూరం నుంచి గంటలకు

ఎయిర్‌బస్ సంస్థ తయారుచేసే ఏ320 కుటుంబానికి చెందిన విమానాలు ధ్వని వేగంలో సుమారు 0.78 వంతు వేగంతో ప్రయాణిస్తాయి. 36 వేల అడుగుల ఎత్తున అది గంటకు దాదాపు 830 కిలోమీటర్లు. బోయింగ్ 777 వంటి పెద్ద విమానం 0.84 వంతుతో, అంటే దాదాపు 890 కిలోమీటర్ల వేగంతో వెళుతుంది. దూరాన్ని ఈ వేగంతో భాగించి, వచ్చిన దానికి అరగంట కలపండి. ఆ అరగంట ఎందుకంటే, టికెట్టు మీద చూపే ప్రయాణ కాలం చక్రాలు నేల విడిచిన క్షణం నుంచి కాక, విమానం తన నిలుపుదల స్థలం నుంచి కదిలిన క్షణం నుంచి మొదలై, అవతల తన స్థలంలో ఆగే దాకా లెక్కకు వస్తుంది. రన్‌వే దాకా నెమ్మదిగా సాగడం, ఎత్తుకు ఎక్కడం, దిగేటప్పుడు వేగం తగ్గడం అన్నీ ఆ అరగంటలోకి వస్తాయి. దిగడం కూడా మనం అనుకునే దానికంటే చాలా ముందే మొదలవుతుంది. 36 వేల అడుగుల ఎత్తు నుంచి సాఫీగా దిగడానికి సుమారు 200 కిలోమీటర్ల దూరం కావాలి. కిటికీ పక్కన కూర్చున్నవారు ఇంజన్ల హోరు ఒక్కసారిగా తగ్గి, చెవుల్లో ఒత్తిడి మొదలవడాన్ని గమనిస్తే, అప్పటికి సింగపూర్ ఇంకా దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టే.

సింగపూర్‌కు లెక్క చూద్దాం. 3,305ను 830తో భాగిస్తే దాదాపు 4 గంటలు, అరగంట కలిపితే నాలుగున్నర. విమాన సంస్థలు చూపే సమయానికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది.

దుబాయ్‌కు 2,550ను 830తో భాగిస్తే 3 గంటల 4 నిమిషాలు, అరగంటతో కలిపి 3 గంటల 34 నిమిషాలు. అయితే హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లేటప్పుడు దాదాపు నాలుగు గంటలు, తిరిగి వచ్చేటప్పుడు మూడున్నర గంటల లోపు పట్టడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఇది పైగాలుల ప్రభావం. శీతాకాలంలో ఉత్తర భారతం మీద, విమానాలు తిరిగే ఎత్తునే, పడమర నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం అనే వేగమైన గాలి బలంగా సాగుతుంది. దుబాయ్ దారి దాని దక్షిణపు అంచును తాకుతుంది. ఎదురుగాలి గంటకు 80 కిలోమీటర్లు ఉందనుకోండి, నేల మీద లెక్కకు వచ్చే వేగం 750కి తగ్గి ప్రయాణం 3 గంటల 54 నిమిషాలవుతుంది. అదే గాలి వెనుక నుంచి తోస్తే వేగం 910కి పెరిగి 3 గంటల 18 నిమిషాలు చాలు. దూరం మారకుండానే అరగంటకు పైగా తేడా వచ్చింది.

వర్షాకాలంలో దక్షిణ భారతం మీద పరిస్థితి తలకిందులవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు వీచే మరో జెట్ ప్రవాహం ఏర్పడుతుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1958లో శాస్త్రలోకానికి వివరించినవారు మన దేశపు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఆయన తరువాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతిగా కూడా పనిచేశారు. దాని ఉధృతి విమానాల ఎత్తుకు కొంత పైననే ఉన్నా, కింది పొరల్లోనూ తూర్పు గాలులే ఉంటాయి కాబట్టి ఆ నెలల్లో సింగపూర్, బ్యాంకాక్ వైపు వెళ్లే విమానాలకు కాస్త ఎదురుగాలి తగులుతుంది. మన పంటలను నిర్ణయించే గాలులే మన ప్రయాణ సమయాన్నీ సవరిస్తాయన్న సంగతి తెలిసినప్పటి నుంచీ నాకు ఈ లెక్క మీద మరింత ఇష్టం పెరిగింది.

లెక్క వేశాక ఒకసారి సరిచూసుకోండి. ఫ్లైట్‌రాడార్24 వంటి యాప్‌లో మీ విమానం సంఖ్య కొడితే గత కొన్ని రోజులుగా అది ఏ సమయానికి లేచిందో, ఏ సమయానికి దిగిందో కనిపిస్తుంది. ఒక్క రోజు చూసి నిర్ణయానికి రాకుండా వారం రోజుల సమయాలు చూడండి.

గడియారాల తేడా

టికెట్టు మీద బయలుదేరే సమయం మన గడియారానిది, చేరే సమయం అవతలి ఊరి గడియారానిది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సగం తప్పులు జరగవు. కాకినాడ సమీపంగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి మన దేశ సమయం ప్రపంచ ప్రామాణిక సమయానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. సింగపూర్ ఎనిమిది గంటలు ముందు, కాబట్టి మనకంటే రెండున్నర గంటలు ముందు. బ్యాంకాక్ మనకంటే గంటన్నర ముందు, టోక్యో మూడున్నర గంటలు ముందు, దుబాయ్ గంటన్నర వెనుక, ఖాట్మండూ పావుగంట ముందు. ఈ దేశాల్లో వేసవికి గడియారాలు మార్చే పద్ధతి లేదు కాబట్టి ఏడాదంతా ఈ తేడాలే వర్తిస్తాయి.

హైదరాబాద్‌లో రాత్రి 11.10కి విమానం కదిలిందనుకుందాం. నాలుగున్నర గంటలు కలిపితే మన గడియారంలో తెల్లవారుజామున 3.40. దానికి రెండున్నర గంటలు కలిపితే సింగపూర్‌లో ఉదయం 6.10. టికెట్టు మీద రెండు సమయాల మధ్య ఏడు గంటలు కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో సింగపూర్‌లో రాత్రి 8.20కి బయలుదేరితే, అదే నాలుగున్నర గంటల తరువాత అక్కడ 12.50 అయినప్పుడు శంషాబాద్‌లో రాత్రి 10.20 మాత్రమే. చూడటానికి రెండు గంటల ప్రయాణంలా ఉంటుంది. ఎప్పుడైనా ముందు ప్రయాణ కాలం కలిపి, ఆ తరువాతే గడియారం తేడా కలపండి లేదా తీసివేయండి. రెండింటినీ ఒకేసారి మనసులో చేయబోతే తప్పడం ఖాయం.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైనది తేదీ. మల్కాజ్‌గిరిలో ఉండే మా మేనత్త టికెట్టు మీద 15వ తేదీ 00.40 అని ఉంది. వంటింటి గోడకు వేలాడే క్యాలెండర్‌లో ఆమె 15 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంచింది. 14 మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆవకాయ జాడీ మూతకు గుడ్డ బిగించి కడుతూ, “రాత్రి ప్రయాణమే కదరా, ఇంకా రేపంతా ఉంది” అంది. ఆమె దృష్టిలో అందులో పొరపాటేమీ లేదు. మన పంచాంగంలో సూర్యోదయంతో రోజు మారుతుంది. అర్ధరాత్రి దాటిన నలభై నిమిషాలు ఇంకా ముందు రోజు రాత్రిలోనివే. విమాన సంస్థ లెక్కలో మాత్రం రోజు అర్ధరాత్రి 12కి మారిపోతుంది. 15న 00.40 అంటే 14 సాయంత్రమే ఇల్లు కదలాలి. మేం గుర్తించేటప్పటికి చేతిలో అయిదారు గంటలే ఉన్నాయి. ఎలాగో అందుకున్నాం కానీ ఆ సాయంత్రం ఆమె చేతులు వణికిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కూ ఆగ్నేయాసియాకూ వెళ్లే విమానాల్లో చాలా భాగం అర్ధరాత్రికి అటూ ఇటూగా బయలుదేరేవే కాబట్టి, అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5 గంటల మధ్య సమయం టికెట్టు మీద కనిపిస్తే క్యాలెండర్‌లో ముందు రోజు చుట్టూ సున్నా చుట్టండి.

మధ్యలో విమానం మారవలసి వస్తే

నేరుగా విమానం లేని చోటికి వెళ్లేటప్పుడు దూరం లెక్క నిజంగా ఉపయోగపడుతుంది. టోక్యోకు గ్రేట్ సర్కిల్ దూరం 6,390 కిలోమీటర్లు. బ్యాంకాక్‌లో మారితే 2,420, 4,650 కలిసి సుమారు 7,070 అవుతుంది, అదనం 680 కిలోమీటర్లు. సింగపూర్‌లో మారితే 3,305, 5,360 కలిసి సుమారు 8,660, అదనం దాదాపు 2,270 కిలోమీటర్లు. అంటే సింగపూర్ మీదుగా వెళ్లేవారు గాలిలోనే బ్యాంకాక్ దారి కంటే దాదాపు రెండు గంటలు ఎక్కువ గడుపుతారు. టికెట్టు ధర తక్కువైతే అది భరించదగినదే, కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి ఆ రెండు గంటలు చిన్న విషయం కాదు.

రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండవదాని బాధ్యత మీదే అవుతుంది. పైగా సామాను తీసుకుని, కొన్ని చోట్ల వీసా చూపి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లవలసి రావచ్చు.

ఇంటి నుంచి ఇంటిదాకా

చివరి లెక్కను వెనుక నుంచి ముందుకు వేయాలి. అంతర్జాతీయ ప్రయాణానికి బయలుదేరే సమయానికి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. చెక్ ఇన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు, ఆ తరువాత ఎంత బతిమాలినా ప్రయోజనం ఉండదు. విమానం రాత్రి 11.10కి అయితే 8.10కి శంషాబాద్ చేరాలి. మెహదీపట్నం నుంచి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వెళ్లేవారికి దారి సులువు. మియాపూర్, గచ్చిబౌలి వైపు వారు సాయంత్రం ఆఫీసులు వదిలే వేళలో అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కే దాకా పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. పుష్పక్ బస్సులో వెళ్లేవారు ఒక బస్సు తప్పితే తరువాతి బస్సుకు పట్టే సమయాన్ని కూడా కలుపుకోవాలి. నా వరకు నేను నగరంలో ఏ మూల నుంచైనా దారికి రెండు గంటలు కేటాయిస్తాను. ఆ లెక్కన ఇల్లు కదలవలసింది 6.10కి.

ఇప్పుడు మొత్తం కూడండి. ఇంటి నుంచి విమానం కదిలే దాకా 5 గంటలు, విమానంలో నాలుగున్నర, దిగాక ఇమిగ్రేషన్‌కూ సామానుకూ దాదాపు గంట, అక్కడి నుంచి ఇంటికి మరో గంట, వెరసి పదకొండున్నర గంటలు. పన్నెండు గంటలు పట్టిందని చెప్పిన వారి మాట ఇలా నిజమవుతుంది. మందులు వేళకు వేసుకోవలసినవారు ఈ మొత్తాన్ని చూసి మాత్రలు చేతి సంచిలో పెట్టుకోవాలి. ఏ మాత్ర ఏ ఊరి గడియారం ప్రకారం వేసుకోవాలో ముందే వైద్యుణ్ని అడగడం మంచిది.

పెద్దవారికి ఇచ్చే కాగితం మీద ఇల్లు కదలవలసిన తేదీ, వారం, సమయం అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో రాయండి. దాని కింద విమానం సంఖ్య, బయలుదేరే సమయం. ఆ కింద చేరే సమయాన్ని రెండు గడియారాల్లోనూ రాయండి, “అక్కడ ఉదయం 6.10, మన ఇంట్లో 3.40” అన్నట్టుగా. తీసుకువెళ్లడానికి వచ్చేవారు విమానం దిగే సమయానికే కాక దిగిన ముప్పావు గంట నుంచి గంట దాకా బయట వేచి ఉంటారనీ, అందువల్ల తలుపు దాటగానే ఎవరూ కనిపించకపోతే కంగారు పడవద్దనీ ఒక వాక్యం చేర్చండి. మా మేనత్త ఇప్పుడు ప్రతి ప్రయాణానికీ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పాస్‌పోర్టు లోపల ఉంచుకుంటుంది.